ఇంటిదానికి బొట్టేంది?

మా బాన్సువాడలో పెళ్ళి పిలుపు రెండు రకాలు. కార్డు మగవాళ్ళకు, బొట్టు ఆడవాళ్ళకు. కార్డు ఎంత బంగారు రంగులో అచ్చేసినా, ఫోన్‌లో ఎన్ని పూలు చల్లి పంపినా, గడప దగ్గరికొచ్చి నుదుట కుంకుమ పెట్టి "రావాలె" అని నోటితో చెప్పకపోతే మా ఆడవాళ్ళు కదలరు. పట్టుచీర ఇస్త్రీ చేయించి మంచం మీద పరుచుకుని కూడా కదలరు. ఫలానా వాళ్ళు బొట్టు పెట్టలేదన్న సంగతి ఏళ్ళ తరబడి గుర్తుంచుకుంటారు. ఎక్కడ ఎదురుపడినా నవ్వుతూనే గుర్తుచేస్తారు. నేనూ వాళ్ళలో ఒకదాన్నే. కాకపోతే నాకు ఆ నవ్వడం చేతకాదు.

నా పేరు భాగ్యశ్రీ. నాకు కోపం ఎక్కువని మా అత్తగారి వైపు అందరూ అంటారు. ఉంటే ఉంటుంది, ఎవరి సొమ్మేం పోయింది? బస్టాండు వెనక సందులో మాకు రెండు గదుల ఇల్లుంది. మా ఆయన దేవిదాస్‌కు వరికోత మిషన్ ఉంది. ఇక్కడి కోతలు కాగానే దాన్ని లారీ మీదికెక్కించి ఆంధ్ర దిక్కో, కర్ణాటక దిక్కో తీసుకెళ్తాడు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇంట్లో నేనూ, టీవీ. చూస్తాననుకునేరు, చూడను. పెట్టుకుంటాను, అంతే. ఎవరో మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

ఆయనకో పాడు అలవాటుంది. ఫోన్ మాట్లాడడం అయిపోయాక పెట్టెయ్యడు, అలాగే జేబులో పడేసుకుంటాడు. ఇవతల నాకు మిషన్ చప్పుడు వినబడుతూనే ఉంటుంది. "పెట్టెయ్యరాదు, బ్యాలెన్స్ దండగ" అని ఎన్నిసార్లు తిట్టానో లెక్కలేదు. తిట్టానే కానీ నేనూ పెట్టెయ్యను. గిన్నెలు తోముకుంటూ ఆ చప్పుడు వింటుంటాను.

మాకు పిల్లల్లేరు. మా మరిది సాయిప్రసాద్‌ది నిజాంసాగర్ కాలువ కింద ఊరు, వరి, చెరుకు. వాళ్ళ బిడ్డ శ్రీలత ఇంటరు చదవడానికి మా ఇంటికొచ్చి డిగ్రీ అయ్యేదాకా నా దగ్గరే ఉంది. పెద్దమ్మా పెద్దమ్మా అని నా కొంగు పట్టుకు తిరిగింది. పొద్దున లేస్తే నా జడే దువ్వేది, దాని జడ నాతో వేయించుకునేది. అది ఉన్నన్నాళ్ళూ ఆ టీవీ ఎప్పుడు పెట్టానో నాకు గుర్తే లేదు.

కార్తీకంలో శ్రీలతకు సంబంధం కుదిరింది. పిల్లగాడి పేరు సృజన్, బోధన్. మార్గశిరంలో లగ్గం పెట్టుకున్నారు. పెళ్ళి మా ఊళ్ళోనే, బోధన్ రోడ్డు మీద ఫంక్షన్ హాల్లో. ఇంకేం? బాన్సువాడలో ఉండే మనిషిని నేనొక్కదాన్నే కదా. మా తోడికోడలు రోజారాణి పొద్దున లేస్తే ఫోన్.

"అక్కా, వంటాయన్ను మాట్లాడినవా?"

"అక్కా, కుమ్మరోళ్ళకు ఐరేని కుండలు చెప్పినవా? మంచిగ సున్నం బొట్లు పెట్టుమను."

"అక్కా, సన్నాయోళ్ళకు కబురు పంపరాదు."

అన్నీ నేనే చేశాను. వంటకు పోచన్నను మాట్లాడి, బగారన్నంలో ఉప్పు ఎక్కువేస్తే ఊరుకోనని ముందే చెప్పాను. హాలు వాళ్ళ జనరేటర్ పనిచేస్తుందో లేదో దగ్గరుండి ఆడించి చూశాను. మగపెళ్ళివాళ్ళ విడిది గదుల్లో బకెట్లకు పిడులు లేకపోతే తగువాడి కొత్త బకెట్లు పెట్టించాను. పసుపు, కుంకుమ, ఎండుకొబ్బరి కుడుకలు, తలంబ్రాల బియ్యం, దేనికదే సంచి కట్టాను. ఏ సంచిలో ఏముందో కాగితం మీద రాసుకోవడం నాకు రాదు. అంతా తలలోనే ఉంటుంది.

ఇక బొట్టు. దానికి మాత్రం రోజా ఊరి నుంచి స్వయంగా వచ్చింది. నేను దారి చూపించాను, ఆమె బొట్టు పెట్టింది. ఆటోలో తిరిగి తిరిగి సాయంత్రానికి మా సందులోకే వచ్చాం. మా పక్కింటి లక్ష్మవ్వ పెద్దమనిషి, భర్త పోయి చాలా కాలమైంది. ఆమె కోడలికి రోజా బొట్టు పెడుతుంటే అరుగు మీద నుంచి చూస్తూ అడిగింది.

"భాగ్యకు పెట్టినవా బిడ్డా?"

రోజా పకపకా నవ్వింది. "అక్క ఇంటిదే గదా అవ్వా! ఇంటిదానికి బొట్టేంది?"

నిజం చెప్తున్నాను, ఆ మాటకు నేను పొంగిపోయాను. వీధిలో నలుగురూ వింటుండగా ఇంటిదాన్నని అంది. ఆ రాత్రి అన్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. మర్నాడు లక్ష్మవ్వ కోడలు "మీకు బొట్టు పెట్టనే లేదు గదా" అని దీర్ఘం తీస్తే, "మాకెందుకమ్మా, మేమే పెట్టే వాళ్ళం" అని మూతి మూడు వంకర్లు తిప్పి మరీ చెప్పాను.

ఆ పొంగు ఎన్నాళ్ళో నిలవలేదు. ఒకరోజు రోజా వాళ్ళ ఊరి ఆటో అతను ఒక పెద్ద సంచి తెచ్చి గుమ్మంలో దించాడు. వెనకే రోజా ఫోన్.

"అక్కా, ఇంటి ఆడోళ్ళకు లగ్గంల కట్టుకునే చీరలు. అందరికి ఒక్క తీరువే తీసుకున్నం, ఫోటోల మంచిగ కనవడతదని. జర ఫాల్స్ కుట్టించి పంపియ్యవా?"

సంచి విప్పాను. అన్నీ మెరూన్ రంగు, బంగారు అంచు. ఎంత బాగున్నాయో! ఒక్కొక్కటే తీసి మంచం మీద పెడుతూ వెతికాను. దేని కోసం వెతికానో మీకు చెప్పక్కర్లేదు. ఏ చీర మీదా ఏ గుర్తూ లేదు. ఫోన్‌లో రోజా ఇంకా చెప్తూనే ఉంది: వాళ్ళమ్మకు, చెల్లెళ్ళకు, మేనత్తలకు, మేనత్తల కోడళ్ళకు. చెప్పినవాళ్ళలో నేను లేను. "ఇందులో నీదొకటుందక్కా" అని అంటుందేమో అని ఆగాను. "సన్నాయోళ్ళు ఏమన్నరక్కా?" అంది.

"నాకేదే?" అని అడగొచ్చు కదా అంటారు. ఎందుకడగాలి? ఇంటి ఆడదానికి చీరంటే బొట్టు పెట్టి ఒళ్ళో పెట్టాలి. అడిగి తెచ్చుకుంటే అది చీరా? అంగట్లో కొనుక్కోలేకనా? చీరలన్నీ దర్జీ దగ్గరికి మోసుకెళ్ళాను. ఫాల్స్ కుట్టించాను. ఎలా వచ్చినవి అలాగే మడతపెట్టి, అదే సంచిలో, అదే ఆటోలో తిరిగి పంపాను. పంపి లోపలికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. టీవీలో ఎవరో నవ్వుతుంటే సౌండు పెంచి మరీ ఏడ్చాను.

అప్పుడే నా బుర్రకెక్కింది. ఇంటిదాన్నైతే చీర పెట్టాలి. బయటిదాన్నైతే బొట్టు పెట్టాలి. చీరా లేదు, బొట్టూ లేదు. మరి నేనెవర్ని?

ఆయనకు ఫోన్ చేసి ఇదే అడిగాను. వెనక మిషన్ రొద.

"ఏందీ? ఇనవడ్తలే!"

"నాకు బొట్టు పెట్టలే అంటున్న!"

"గదేంది, బెల్టు తెగింది ఇక్కడ, నేను పరేషాన్ల ఉన్న. లగ్గం దినం పొద్దుగాల సీదా హాలుకు వస్త తీ." ఫోన్ జేబులో పడింది. మిషన్ ఆగి ఉంది కాబోలు, కొంగల అరుపులు వినబడ్డాయి. చాలాసేపు విన్నాను.

రోజాకు ఒక అవకాశం ఇద్దామనుకున్నాను. పెళ్ళి దగ్గర పడ్డాక మిగిలిపోయిన ఇళ్ళకు బొట్టు పెట్టడానికి ఆమె మళ్ళీ వచ్చింది. తిరిగొచ్చి నా అరుగు మీద కూలబడి, కాళ్ళు బారజాపి, నేనిచ్చిన చాయ్ తాగింది. కుంకుమ భరిణె ఆమె పక్కనే ఉంది, మూత కూడా పెట్టలేదు. నేను సరిగ్గా ఎదురుగా కూర్చున్నాను. ముఖం కడుక్కుని, పాత బొట్టు తుడుచుకుని మరీ కూర్చున్నాను.

"అయిపోయినట్టేనా రోజా?" అన్నాను.

"అయిపోయినట్టేనక్కా."

"ఇంకో ఇల్లు మిగిలినట్టుందే."

"ఎవరిల్లక్కా?"

"ఏమో. సోంచాయించు. మస్తు దగ్గరోళ్ళే."

రోజా వేళ్ళు మడిచి ఆలోచించింది. నా ముఖంలోకే చూస్తూ ఆలోచించింది. ఒక్కసారిగా కళ్ళు పెద్దవి చేసింది. "అరే! మందుల దుకానపోళ్ళు! ఎంత పని అయితుండె! నువ్వు యాది చేస్తివి కాబట్టి సరిపోయిందక్కా!" అని భరిణె పట్టుకుని లేచింది. నేనూ లేచాను. ఏం చేస్తాను, వాళ్ళ ఇల్లు ఆమెకు తెలియదు కదా.

ఆ రోజే తేల్చుకున్నాను. లగ్గం రోజు పొద్దున దాకా చూస్తాను. బొట్టో, చీరో, రెండూ కాకపోతే కనీసం "అక్కా, ఇంకా రాలేవేంది?" అన్న ఒక్క మాటో రావాలి. రాకపోతే ఆ హాలు గడప తొక్కను. నేను లేనని ఎవరికి తెలుస్తుందో చూద్దాం.

పెళ్ళి ముందు రోజు వాళ్ళంతా ఊళ్ళో పసుపు దంచుకుంటుంటే నేను మార్కెట్లో వంకాయలు ఏరాను. సరుకంతా హాలుకు చేర్పించి, స్టోర్‌రూంలో సర్ది, తాళం పోచన్న చేతికిచ్చి ఇంటికొచ్చేశాను.

లగ్గం రోజు తెల్లవారకముందే తలంటు పోసుకున్నాను. నా ఆకుపచ్చ పట్టుచీర కట్టుకున్నాను. పూలు పెట్టుకున్నాను. వాకిలికి ఎదురుగా కుర్చీ వేసుకుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, తలుపు తెరిచే కూర్చున్నాను. పోనన్నదానికి ఈ ముస్తాబు ఎందుకంటారా? ఒక్క మాట వస్తే చాలు, ఆటో ఎక్కుదామని. అంత కోపంలోనూ నా ఆశ అది.

ఫోన్ మోగింది. ఎగిరి పట్టుకున్నాను. పోచన్న.

"అక్కా, నూనె డబ్బాలు యాడ పెట్టిపిచ్చినవ్?"

"జనరేటర్ పక్క గదిల. తలుపు బిగుసుకున్నది, జర గట్టిగ నూకు."

"ఆఁ, దొరికినయ్." పెట్టేశాడు.

తర్వాత సాయిప్రసాద్. "వదినె, అయ్యగారు తెరచీర అడుగుతుండు."

"పూలబుట్ట కింద పసుపు సంచిల సూడు."

"ఉన్నది ఉన్నది." పెట్టేశాడు.

తర్వాత రోజా, ఏడుపు గొంతుతో. "అక్కా, బాసింగాలు మరిచిపోయినమక్కా!"

"మరువలే. నీ పెట్టెలనే ఉన్నయి, అద్దం కింద. నేనే పెట్టిపిచ్చిన."

"అబ్బా, బతికిచ్చినవ్! నువ్వు లేకపోతే ఏమైతుండెనో అక్కా!"

లేను గదే, అన్నమాట నోటిదాకా వచ్చింది. అప్పటికే ఫోన్ పెట్టేసింది.

అలా ఎన్ని ఫోన్లో! సన్నాయి వాళ్ళకు చాయ్ ఎవరిస్తారు, అయ్యగారికి పీట ఏది, మగపెళ్ళివాళ్ళు సబ్బులడుగుతున్నారు, గుమ్మానికి కట్టే మామిడాకులు ఎక్కడ. అన్నిటికీ చెప్పాను. ఇంట్లో కుర్చీలోంచి లేవకుండా పెళ్ళి మొత్తం నడిపించాను. ఎక్కడ అది, ఎక్కడ ఇది అని అడిగారే కానీ, ఎక్కడ నువ్వు అని ఒక్కరూ అడగలేదు. లక్ష్మవ్వ ఇంటి తలుపుకు తాళం, వాళ్ళంతా ఎప్పుడో వెళ్ళిపోయారు. సందంతా పెళ్ళికి పోయింది. ఎదురింటి కుక్క ఒక్కటే నన్ను చూస్తూ కూర్చుంది.

ముహూర్తం దగ్గర పడుతుండగా ఆయన ఫోన్.

"నేనొచ్చిన. నా ధోతి యాడున్నది?"

కట్టుకున్న మనిషి. పెళ్ళింటికి వచ్చి భార్య కోసం కళ్ళు తిప్పడా?

"స్టోర్‌రూంల నీలం సంచి," అన్నాను. "కొత్త అంగి కూడ అండ్లనే ఉన్నది."

"ఆఁ." ఎప్పటిలాగే పెట్టెయ్యలేదు. సంచి గలగలలాడింది, గుండీలు టకటక తగిలాయి. ఫోన్ కొత్త చొక్కా జేబులోకి జారినట్టుంది, చప్పుళ్ళన్నీ గుడ్డ అడ్డం పెట్టినట్టయ్యాయి. నేను సౌండు పెంచి ఫోన్‌ను స్టూలు మీద పెట్టాను. లేచి వెళ్ళి టీవీ కట్టేశాను.

ఆయన జేబులోంచి శ్రీలత పెళ్ళి విన్నాను. ఆయన నడుస్తుంటే జనం మాటలు దగ్గరికొచ్చి దూరమయ్యాయి. అయ్యగారి మంత్రాలు వినబడ్డాయి. ఎవరో తెర దించమన్నారు. సన్నాయి ఒక్కసారిగా పెద్దదైంది, డోలు దడదడలాడింది. పుస్తె కడుతున్నారు! తలంబ్రాలు కలిపినప్పుడు మిగిలిన అక్షింతలు దేవుడి దగ్గర గిన్నెలో ఉన్నాయి. పరుగెత్తి తెచ్చి, చల్లగా ఉండు బిడ్డా, చల్లగా ఉండు అంటూ పిడికెళ్ళతో ఆ ఫోన్ మీద పోశాను. స్టూలు మీద, నేల మీద, నా చీర మీద అన్నీ అక్షింతలే.

సన్నాయి కొంచెం తగ్గింది. చొక్కా గరగరలాడింది, ఆయన దీవించడానికి వంగినట్టున్నాడు. అప్పుడు శ్రీలత గొంతు, నా చెవి పక్కనే ఉన్నట్టు.

"పెదనాయినా, పెద్దమ్మ ఏది?"

"ఈడనే ఉంటది బిడ్డా. ఎనక ఏదో పనిల ఉన్నది."

"పొద్దుగాలనుంచి ఒక్కపారి కూడ కనవడలే."

"ఉంటది తీ. పెండ్లి పని అంతా ఆమెనే చేస్తుండె."

"నేను ఇంట్లనే ఉన్న!" అని అరిచాను. "శ్రీలతా! నేను ఇంట్లనే ఉన్న బిడ్డా!" స్టూలు మీదికి వంగి, ఫోన్‌కు నోరు ఆనించి అరిచాను. సన్నాయి మళ్ళీ అందుకుంది. జేబులో ఉన్న మనిషి అరుపు ఎవరికి వినబడుతుంది?

నా పంతం చూడండి, ఎవరి మీద పడిందో! రోజాకు తెలియాలని, ఆయనకు తెలియాలని కూర్చున్నాను. వాళ్ళకు తెలియనే తెలియలేదు. నేను లేనని తెలిసింది ఒక్క పిల్లకు, అదీ దాని మెడలో పుస్తె పడిన క్షణంలో. తాళం వేశానో లేదో గుర్తులేదు. బొట్టు లేదు, చీర లేదు, చెప్పులు కూడా సరిగా తొడుక్కోలేదు. బస్టాండు దగ్గర ఆటో ఎక్కి, "పోనియ్యి అన్నా, జల్ది పోనియ్యి" అంటూ వాడి ప్రాణం తీశాను.

హాలు గుమ్మంలో పన్నీరు చల్లి బొట్టు పెట్టే పిల్లలు భోజనాలకు వెళ్ళిపోయారు. బల్ల మీద ఖాళీ వెండిపళ్ళెం ఉంది. లోపలికి అడుగు పెట్టానో లేదో సాయిప్రసాద్ ఎదురొచ్చాడు.

"వదినె, పెరుగు గిన్నెలు యాడున్నయ్?"

"మెట్ల కింద," అన్నాను. పోయాడు.

మండపం దగ్గర అంతా మెరూన్ రంగు. ఇంటి ఆడవాళ్ళు వరసగా నిలబడి ఫోటో దిగుతున్నారు. అందరి పాదాలకూ పసుపు. పెళ్ళికి వచ్చిన ముత్తైదువలను కూర్చోబెట్టి కాళ్ళకు పసుపు రాయడం మా దగ్గర మర్యాద, పొద్దున్నే అయిపోయింది. రోజా నన్ను చూసి చెయ్యి పట్టి లాగింది.

"గింత సేపు ఎనకనే ఉంటే ఎట్లక్కా? రా, ఫోటో దిగుదాం." అప్పుడు చూసింది నా చీర. "అరే, మన చీర కట్టుకోలేవేంది?"

"నాకేడిదే?"

"ఏడిదేంది? ఫాల్స్‌కు నీకే పంపితి గదా అన్నీ! నీది నువ్వు తీసుకుంటవనుకున్న. వాపస్ వచ్చినంక ఒకటి మిగిలింది, ఎవరిదో అని బీరువల పెట్టిన." నుదురు కొట్టుకుంది. "అయ్యో అక్కా! నువ్వు ఇంటిదానివేనాయె, తీసుకోవద్దా?"

ఆమె ముఖంలో ఎక్కడా కల్మషం లేదు. అది ఉంటే ఎంత బాగుండేది! కడిగి పారేసేదాన్ని. ఇప్పుడు ఎవర్ని తిట్టను?

"అమ్మా, గా ఆకుపచ్చ చీరామె జర పక్కకు జరుగుండ్రి," అన్నాడు ఫోటోలతను. "కలర్ ఒక్క తీరు రావాలె."

జరిగాను. రోజా "అయ్యో, ఆమె మా అక్క" అంటూనే ఉంది, అంతలో ఎవరో ఆమెను పిలిచారు.

శ్రీలత మండపం మీద నుంచి నన్ను చూసింది. కొంగుముడితో సృజన్‌ను వెంట లాక్కుంటూ దిగి వచ్చింది. ఆ పిల్లగాడు పాపం, ఎక్కడికో తెలియకుండానే వెనక వచ్చాడు. వచ్చి నా ముందు వంగింది. పాదాలకు చెయ్యి ఆనించి, అక్కడే ఆగిపోయింది. తల ఎత్తలేదు. నేను కిందికి చూస్తే, దాని చేతుల కింద నా కాళ్ళు. ఆటో దుమ్ము తప్ప ఏమీ లేని కాళ్ళు.

"పెద్దమ్మా," అంది మెల్లగా. "ఇప్పుడే వచ్చినవా?"

"లేదే. ఎనక పనిల ఉంటి."

తలెత్తింది. బాసింగం కింద దాని కళ్ళు నిండిపోయాయి. "నీకెవ్వరు బొట్టు పెట్టలేదా?"

ఎన్నాళ్ళ నుంచి ఈ ప్రశ్న కోసం చూస్తున్నాను! జవాబు ఎన్నిసార్లు తయారు చేసుకున్నాను! వరసగా, ఎవరెవరేమన్నారో, ఒక్కటీ వదలకుండా చెప్పాలనుకున్నాను. దాని ముఖం చూశాక ఒక్కటీ నోటికి రాలేదు.

"ఇంటిదాన్ని గదనే పిచ్చిపిల్లా," అన్నాను. "ఇంటిదానికి బొట్టేంది?"

అది నమ్మలేదు. తన అరచేతుల్లో ఉన్న పసుపంతా నా పాదాలకు రాసి, లేచి, నన్ను గట్టిగా పట్టుకుంది. అక్షింతలు ఇంకా నా చీర మడతల్లో ఉన్నాయి. అవి దాని భుజం మీద రాలితే, "ఇవి యాడివి?" అన్నట్టు చూసింది. అంతలో అప్పగింతలకు టైమైందని ఎవరో లాక్కుపోయారు.

సాయంత్రం శ్రీలతను ఎక్కించుకుని బోధన్ కారు కదిలింది. ఆయన, మిషన్ ఆగిపోయి ఉందని, ధోతి మార్చుకుని సీదా బస్టాండుకు వెళ్ళాడు. పోతూ పోతూ, "మస్తు చేసినవ్ భాగ్యా, నేను వచ్చినప్పటిసంది కూసున్నది సూడలే నిన్ను" అన్నాడు. కూర్చునే ఉన్నానని చెప్పలేదు.

కుర్చీలు ఎత్తేస్తున్నారు. రోజా నా పక్కకు వచ్చి, నా భుజం మీద తల పెట్టి భోరున ఏడ్చింది. అంతదాకా ఓర్చుకున్నట్టుంది, ఇక ఆగలేదు. నేను వీపు నిమిరాను. కోపం ఎటు పోయిందో నాకే తెలియదు.

"రేపటి సంది ఇంట్ల ఎట్లుండాలె అక్కా?" అంది వెక్కుతూ. "ఆయన పొలం పోతడు. బిడ్డ లేకపాయె. ఒక్కదాన్ని ఆ ఇంట్ల ఎట్లుండాలె?"

పొద్దున్నుంచి వాళ్ళు అడిగిన వాటన్నిటికీ జవాబు నా దగ్గరే ఉంది. దీనికీ ఉంది.

"టీవీ పెట్టుకోవే," అన్నాను. "ఎవరో మాట్లాడుతున్నట్టుంటది."